చెల్లు రాయని చిట్టా

మా ఇంట్లో దేవుడి మందిరం కింద ఉన్న చెక్క అరలో ఎర్ర గుడ్డ అట్ట వేసిన పొడుగాటి చిట్టా ఒకటి ఉంది. మావారు నెల్లిమర్ల జూట్ మిల్లులో ముప్ఫై మూడేళ్లు లెక్కల గుమస్తాగా పనిచేసి పదవీ విరమణ చేసినప్పుడు, వాడకుండా మిగిలిపోయిన ఆ పుస్తకానికి విలువ కట్టి, డబ్బు చెల్లించి, రసీదు పుచ్చుకొని మరీ ఇంటికి తెచ్చుకున్నారు. ఆయన స్వభావం తెలియడానికి ఆ ఒక్క సంగతి చాలు. ఒకరి దగ్గర పుచ్చుకున్నది గుండుసూదైనా సరే, తిరిగి ఇచ్చేదాకా ఆయనకు నిద్ర పట్టదు. పక్కింటివారు గిన్నెలో పులిహోర పంపిస్తే ఆ గిన్నెను ఖాళీగా పంపకూడదన్నది అందరి ఇళ్లలోనూ ఉండే ఆచారమే గాని, మా ఇంట్లో మాత్రం అది అదే పూట జరిగి తీరవలసిన చట్టం. అటువంటి మనిషి 2011లో గుండెకు శస్త్రచికిత్స చేయించుకొని, మంచం మీద నుంచి లేవడానికి కూడా మరొకరి చెయ్యి కావలసిన స్థితిలో కొన్ని వారాలు గడిపారు.

ఆయన ప్రతి ఉదయం మా విజయనగరంలోని అయ్యకోనేరు చెరువు గట్టు మీద నాలుగు చుట్లు తిరిగేవారు. ఆ ఏడాది వేసవి చివర్లో రెండో చుట్టుకే ఆగిపోవడం, ఎడమ దవడ నొప్పిగా ఉందని పంటిని తప్పుపట్టడం, భుజం లాగుతోందని దిండును తప్పుపట్టడం మొదలయింది. గుండె అన్న మాట మాత్రం ఆయన నోటా రాలేదు, నా నోటా రాలేదు. చూపించుకున్న మొదటి వైద్యుడు గ్యాస్ అని మాత్రలు రాసి ఇచ్చారు. ఆ మాటే మాకూ హాయిగా ఉండడం వల్ల వాము నీళ్లు, నిమ్మకాయ సోడా అంటూ నెల రోజులు పోనిచ్చాము. అప్పటికే పన్నెండేళ్లుగా చక్కెర వ్యాధి ఉన్న మనిషికి గుండె నొప్పి గుండెలోనే రావాలన్న నియమం లేదని తరువాత తెలిసింది. జూలై చివర ఒక రాత్రి చెమటతో బనీను తడిసిపోయి, ఆయన మాట్లాడకుండా గోడకు ఆనుకొని కూర్చున్నప్పుడు 108కి ఫోను చేశాము.

విశాఖపట్నంలో యాంజియోగ్రామ్ తీసిన వైద్యుడు మందుల చీటీ వెనుక గుండె బొమ్మ గీసి, మూడు ప్రధాన నాళాల్లోనూ అడ్డంకులు ఉన్నాయని, చక్కెర వ్యాధి కూడా ఉంది కనుక స్టెంట్లు వేయడం కంటె బైపాస్ చేయడమే మంచిదని చెప్పారు. రొమ్ము ఎముక వెనుక ఉండే ఒక ధమనిని మళ్లించి ముఖ్యమైన నాళానికి అతుకుతారని, మిగిలిన రెండింటికీ కాలి నుంచి తీసిన సిరను వాడతారని ఆయన వివరిస్తుంటే, మావారు ఆ బొమ్మను మిల్లులో ఆడిట్ కాగితం చూసినట్టే కళ్లద్దాలు పైకి జరిపి చూశారు. నేను చూడలేకపోయాను. నా తమ్ముడు అప్పట్లో వాల్తేరు డివిజనులో రైల్వే ఉద్యోగి. ఏ ధైర్యం చెప్పాలన్నా వాడికి రైల్వే తప్ప మరో ఆధారం దొరకదు. 1967లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో ఫావలోరో అనే అర్జెంటీనా వైద్యుడు కాలి సిరతో ఈ చికిత్సకు దారి వేశాడని ఎక్కడో చదివి వచ్చి, ఆ తరువాత అసలు సంగతికి వచ్చాడు. "బావా, మన దేశంలో మొట్టమొదటి బైపాస్ 1975లో మద్రాసు పెరంబూరు రైల్వే ఆసుపత్రిలో చెరియన్ గారు చేశారు. అంటే మా రైల్వే వాళ్లు ముప్ఫై ఆరేళ్ల కిందట చేసిన పని ఇది. నువ్వేం భయపడకు" అన్నాడు. మావారు నవ్వి, "అయితే బండి ఆలస్యం కాకుండా చూడు" అన్నారు. ఆ రోజుల్లో నేను విన్న మొదటి నవ్వు అదే.

డబ్బు సంగతి ఒక్క మాటలో చెప్పి వదిలేస్తాను. నేను అప్పటికి గంట్యాడ మండలంలోని ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు పండితురాలిని. ఉద్యోగుల ఆరోగ్య కార్డులు ఇంకా రాని కాలం కనుక ముందు మనమే కట్టి, తరువాత బిల్లులు పెట్టుకోవాలి. తోటి ఉపాధ్యాయులు ఎవరి చీటీ పాట డబ్బు వారు తెచ్చి కవర్లలో పెట్టి ఇచ్చారు. ఒక్కరైనా ఎప్పుడు తిరిగి ఇస్తారని అడగలేదు.

రక్తం కోసం నలుగురు దాతలు కావాలని ఆసుపత్రివారు చెప్పినప్పుడు మాత్రం నాకు దిక్కుతోచలేదు. మా బంధువుల్లో సగం మంది చక్కెర రోగులే. సాయంత్రం ఎవరో నా పాత విద్యార్థికి చెప్పారట. మరునాడు తెల్లవారుజామున విజయనగరంలో రైలెక్కిన నలుగురు కుర్రాళ్లు ఎనిమిది గంటలకల్లా ఆసుపత్రి మెట్ల దగ్గర నిలబడి ఉన్నారు. అందులో ఒకణ్ణి సవర్ణదీర్ఘ సంధికి ఉదాహరణ చెప్పలేదని నేను ఎండలో నిలబెట్టిన సంగతి వాడికీ గుర్తుంది, నాకూ గుర్తుంది. "ఏటి మేడమ్, ఇప్పుడడగండి, చెప్పీగలను" అని నవ్వుతూ చొక్కా చేతిని పైకి మడిచాడు. ముగ్గురు నాకు తెలిసినవాళ్లే. నాలుగోవాడు వాళ్ల స్నేహితుడు, పనికి వెళ్తూ దారిలో కలిసి వీళ్లతోపాటు వచ్చేశాడట. రక్తం ఇచ్చి, పళ్లరసం తాగి, మధ్యాహ్నం బండికి వెళ్లిపోయారు. భోజనం చేసి వెళ్లమంటే వినలేదు. అంత హడావుడిలో నాలుగో అబ్బాయి పేరు అడగాలన్న ఇంగితం కూడా నాకు లేకపోయింది.

ఆగస్టు 11వ తేదీ గురువారం ఉదయం ఆయనను లోపలికి తీసుకువెళ్లారు. ఆ అయిదు గంటల గురించి రాయడానికి నాకేమీ మిగలలేదు. చేతిలో ఉన్న జపమాల వేళ్ల మధ్య తిరిగిందో లేదో కూడా తెలియదు. మరునాడు పొద్దున, గొట్టం తీశాక, ఒక్క నిమిషం చూడనిచ్చారు. గొంతు బొంగురుపోయి ఉంది. ఆయన అన్న మొదటి మాట, "ఎంతయింది?" పక్కనున్న నర్సమ్మ గోడ గడియారం చూసి "ఏడున్నర అయింది, బాబుగారూ" అంది. ఆయన నిస్సహాయంగా నా వంక చూశారు. ఆయన అడిగింది బిల్లు ఎంతయిందని. ముప్ఫై తొమ్మిదేళ్ల కాపురం చేసినదాన్ని కనుక నాకు అర్థమయింది గాని చెప్పలేదు. పదిహేనో తేదీన వార్డుకు మార్చినప్పుడు, అదే నర్సమ్మ ఆయన గౌనుకు చిన్న కాగితపు జెండా గుచ్చింది.

అసలు కథ ఇంటికి వచ్చాకే మొదలయింది. రొమ్ము ఎముకను నిలువునా కోసి, పని అయ్యాక స్టీలు తీగలతో బిగిస్తారు. అది అతుక్కోవడానికి రెండు మూడు నెలలు పడుతుంది. అందాకా బరువు ఎత్తకూడదు, చేతులు ఊతంగా పెట్టి లేవకూడదు, పక్కకు తిరిగి పడుకోకూడదు. దగ్గు వస్తే గుండెలకు దిండు గట్టిగా అదుముకొని దగ్గాలి. విశాఖ నుంచి ఆనందపురం మీదుగా అరవై కిలోమీటర్ల దారిని మా తమ్ముడు కారులో దాదాపు మూడు గంటలు నడిపాడు. గోతి కనిపించినప్పుడల్లా వాడు ముందుగా "బావా, దిండు!" అని హెచ్చరించేవాడు. కారు దిగేసరికి ముందు సీట్లో కూర్చున్న నాకు కూడా గుండెలు పట్టుకోవడం అలవాటైపోయింది.

ఇంటి గుమ్మంలో మా వదిన నిలబడి ఉంది. ఆవిడ మావారికి పెద్దక్క, చీపురుపల్లిలో ఒంటరిగా ఉంటుంది, అప్పటికి డెబ్భై దాటాయి. ఎవరూ పిలవలేదు. ఒక చేతిసంచి, ఒక ఇత్తడి చెంబు, చోడి (రాగి) పిండి మూటతో ముందురోజే వచ్చి, ఇల్లు కడిగించి, పడక కుర్చీని కిటికీ పక్కకు జరిపించి కూర్చుంది. నిజం చెప్పాలంటే నాకు మొదట గుండె జారింది. కాపురానికి వచ్చిన కొత్తలో నేను పెట్టిన ఆవకాయలో ఉప్పు చాలలేదని ఊరంతా చెప్పిన మనిషి ఆవిడ. ఇప్పుడు అదే మనిషి, ఉప్పు తగ్గించమని వైద్యుడు చెప్పాడని తెలిసి, నా వంటింట్లో ఉప్పు జాడీని అటక మీదకు ఎక్కించేసింది. ఆనపకాయ కూరలో నిమ్మరసం, బీరకాయలో వేయించిన నువ్వుల పొడి, అరటి దూటలో ఆవ, పొద్దున్నే పలచని చోడంబలి. రుచి పోయిన నాలుకకు ఏదీ ఎక్కేది కాదు. "మన్ను తిన్నట్టుంది అప్పా" అని ఆయన అంటే, "మన్నయినా నాలుగు ముద్దలు తిను నాన్నా" అని ఎదురుగా కూర్చునేది. ఆ ఉప్పులేని కూరలే మేమందరం తినాలని కూడా ఆవిడే శాసించింది. రోగి ముందు వేరే వాసన రాకూడదన్నది ఆవిడ వాదం. మా అబ్బాయి హైదరాబాదు నుంచి పది రోజుల సెలవు మీద వచ్చి, ఏడు గళ్ల మందుల డబ్బా కొని, గళ్ల మీద ఆది, సోమ అని తెలుగులో రాసి అంటించి వెళ్లాడు గాని, వాడు మాత్రం రాత్రిపూట రహస్యంగా మూడు లాంతర్ల కూడలి వైపు వెళ్లి ఏదో తిని వచ్చేవాడని నాకు తెలుసు.

ఆసుపత్రిలో ఇచ్చిన దిండు బరువుగా ఉందని, వదిన తన పాత నేత చీర చించి, బూరుగు దూది కూరి, చేరెడంత దిండు కుట్టింది. రాత్రిళ్లు వెల్లకిలా పడుకోలేక ఆయన పడక కుర్చీలోనే నిద్రపోయేవారు. ఆయన లేవాలనుకున్నప్పుడు చేతులు పట్టి లాగకూడదు, వీపు వెనుక చెయ్యి వేసి లేపాలి. ఆ పని నేనూ వదినా వంతులు వేసుకున్నాము. ఆశ్చర్యమేమిటంటే, కోసిన ఛాతీ కంటె సిర తీసిన ఎడమ కాలే ఆయనను ఎక్కువ బాధపెట్టింది. చీలమండ దాకా వాపు, గాయం చివర తడి, బిగుతైన మేజోడు తొడగడానికి ఇద్దరం అరగంట కుస్తీ పట్టవలసి వచ్చేది. ఇక ఊపిరితిత్తుల కోసం ఇచ్చిన మూడు బంతుల ప్లాస్టిక్ పరికరాన్ని ఆయన రెండు రోజులు శంఖంలా ఊదుతూనే ఉన్నారు. బంతులు కదలకపోయేసరికి అది పాడైపోయిందని తేల్చారు. ఊదేది కాదు, పీల్చేదని ఫోనులో తెలుసుకున్నాక మొదటి బంతి లేచింది. వదిన చప్పట్లు కొట్టింది.

శరీరం ఇలా దారిన పడుతున్న మూడో వారంలో మనసు తప్పిపోయింది. ఒక మధ్యాహ్నం ఏ కారణమూ లేకుండా ఆయన కళ్ల నీళ్లు పెట్టుకున్నారు. పెరట్లో ఆరేసిన బట్టలు చూసి ఏడ్చారు. కాఫీ గ్లాసు అందించిన నా చెయ్యి చూసి ఏడ్చారు. పెళ్లయిన నాటి నుంచి ఆ కళ్లలో తడి చూడని నేను తలుపు చాటున నిలబడిపోయాను. ఈ చికిత్స తరువాత కొన్ని వారాలు దిగులు కమ్ముకోవడం చాలామందిలో ఉండేదేనని, తగ్గకపోతే తీసుకురమ్మని వైద్యుడు ఫోనులో చెప్పారు. కాని ఆయన దిగులుకు మరో ముడి కూడా ఉందని నాకు అనిపించింది. అందరూ చేస్తున్నారు, ఆయన చేయించుకుంటున్నారు. అది ఆయనకు అలవాటు లేని విద్య. ఒక రాత్రి రెండు గంటలకు నేను వీపు వెనుక చెయ్యి వేసి లేపుతుంటే, "నీకు ఎంత బాకీ పడ్డానో" అన్నారు. నాకు కోపం వచ్చింది. "పొద్దున్నే చిట్టా తెచ్చిస్తాను, రాసుకోండి" అన్నాను.

నేను విసుగుతో అన్న మాటను ఆయన పట్టుకున్నారు. మరునాడు నిజంగానే ఆ ఎర్ర పుస్తకం తెమ్మన్నారు. చెక్క పలక మీద పెట్టుకొని, గంటకు రెండు వరుసల చొప్పున, రూళ్లకర్రతో గీతలు గీసి, పుచ్చుకున్నదానికి ఎడమవైపు "జమ" అని, తిరిగి తీర్చినదానికి కుడివైపు "చెల్లు" అని శీర్షికలు పెట్టి రాయడం మొదలుపెట్టారు. తమ్ముడు - కారు, మూడు గంటలు. ప్రసాద్ అని వదిన ముద్దుగా పిలుచుకునే మా వీధి కుక్క పేరు కూడా ఒకచోట ఉంది, రాత్రి మేల్కొన్నప్పుడల్లా కిటికీ కింద తోడు ఉందని. పాలు పోసే ఆవిడ పేరుకు ఎదురుగా "వెన్న తీసిన పాలు, అడగకుండానే" అని ఉంది. "మరేటీ బెంగెట్టుకోకండి అమ్మా, బాబుగారికని ఏరేగా తీసి తెత్తన్నాను" అని ఆవిడ గుమ్మంలో చెప్పిన మాట కిటికీలోంచి విన్నారన్నమాట. గీతలు గీయడం మొదలుపెట్టాక ఆయన ఏడుపు తగ్గింది. అది మందుల వల్లనో, కాలం వల్లనో, చేతిలోకి మళ్లీ కలం రావడం వల్లనో నేను చెప్పలేను.

చిట్టాలో అందరికంటె ఎక్కువ వరుసలు పట్టినవారు సైకిల్ షాపు సాయిబుగారు. మా వీధి మలుపులో ఆయన దుకాణం. మావారికి ముప్ఫై ఏళ్లుగా గాలి కొట్టించుకునే పరిచయం తప్ప మరేమీ లేదు. ఇంట్లో అయిదు నిమిషాలతో మొదలైన నడక వీధిలోకి మారవలసిన రోజున సాయిబుగారు ఒక నీలం ప్లాస్టిక్ కుర్చీని భుజాన వేసుకొని వచ్చారు. "నడవండి గుమస్తాగారూ, ఆయాసమొస్తే కూర్చోవచ్చు, కుర్చీ మనతోనే ఉంది" అన్నారు. అప్పటి నుంచి ప్రతి సాయంత్రం ఆ ఊరేగింపు సాగింది. ముందు మావారు దిండు పట్టుకొని, వెనుక సాయిబుగారు కుర్చీ మోసుకొని, వారి వెనుక అరగంట పాటు తాళం వేసిన దుకాణం. దారినపోయేవాళ్లు "ఏటి సాయిబుగారూ, కుర్చీలు అద్దెకిత్తన్నారేటి?" అని నవ్వితే, "ఒక్కటే ఉంది, బుక్కయిపోయింది" అనేవారు. మొదటి వారం వీధి చివరిదాకా వెళ్లడానికి మూడుసార్లు కూర్చోవలసి వచ్చింది. తరువాత రెండు, తరువాత ఒకటి. సెప్టెంబరు చివర అయ్యకోనేరు గట్టు దాకా వెళ్లి ఒక్కసారి కూడా కూర్చోకుండా తిరిగి వచ్చారు. అయినా ఆ కుర్చీ వెళ్లింది, వచ్చింది.

దసరా తరువాత వచ్చిన మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. ఆపరేషను అయి సరిగ్గా రెండు నెలలు. ప్రతి ఏడాదీ మూడు లాంతర్ల దగ్గర జనంలో నిలబడి చూసే మనిషిని ఈసారి ఎవరూ జనంలోకి పంపరు. ఎవరి మోచెయ్యి తగిలినా ఎముక కదులుతుందన్న భయం. గుడి నుంచి కోటకు వెళ్లే దారిలో మా తమ్ముడి స్నేహితుడి మేడ ఉంది. పద్దెనిమిది మెట్లు. సాయిబుగారు కుర్చీతో సహా ముందు ఎక్కారు, ఆరు మెట్లకొకసారి ఆపారు. వదిన వెనుక నుంచి "మెల్లగా, మెల్లగా" అంటూనే ఉంది. ఊరేగింపులో ముందు నడిచే పాలధార, అంజలి రథం, తెల్ల ఏనుగు, బెస్తవారి వల దాటిపోయాక, చింతమాను చివర పూజారి కూర్చున్న సిరిమాను మా మేడ ఎత్తుకు సమానంగా వచ్చింది. కింద నుంచి జనం అరటిపళ్లు విసురుతున్నారు. ఒక పండు దారి తప్పి వదిన ఒడిలో పడింది. ఆయన మానును కట్టిన తాళ్లను పరీక్షగా చూసి, "ఆ మానుకు తాళ్లు, నాకు తీగలు. ఇద్దరినీ ఈ ఏడాది గట్టిగానే బిగించారు" అన్నారు. సిరిమాను గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరిగేదాకా ఆయన దిగనన్నారు. నేను ఆసుపత్రి వరండాలో అమ్మవారికి మొక్కుకున్న చీర సంగతి అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఆ సాయంత్రమే చెప్పాను. "అదీ రాయాలి" అన్నారు.

వదిన కార్తీకం వెళ్లాక చీపురుపల్లి ప్రయాణమయింది. ఉప్పు జాడీని అటక మీద నుంచి తనే దింపించి, చెంచాతో కొలత చూపించి మరీ వెళ్లింది. 2018లో ఆవిడ పోయింది. చిట్టాలో ఆవిడ పేజీకి మావారు కుడివైపు గీత కూడా గీయలేదు. సాయిబుగారికి మోకాలి ఆపరేషను అయినప్పుడు మాత్రం ఆ నీలం కుర్చీ మా వారి భుజం మీదకు మారింది. డెబ్భై దాటిన మనిషి కుర్చీ మోయడమేమిటని నేను గొడవ పెట్టాను గాని, కుర్చీ బరువు రెండు కిలోలేనని సైకిల్ షాపులో తూకం వేయించి వచ్చి మరీ చెప్పారు. ఆ నెలన్నర నడకనైనా చెల్లు కింద రాస్తారేమోనని చూశాను. రాయలేదు.

ఇప్పటికి పద్నాలుగేళ్లయింది. మొన్న ఆగస్టులో అర దులుపుతూ ఆ చిట్టా తెరిచాను. రక్తం ఇచ్చినవారి పేజీలో ముగ్గురు కుర్రాళ్ల పేర్లు, వారి ఊళ్లు, వారి పెళ్లిళ్లకు మేము వెళ్లిన తేదీలు గుండ్రటి అక్షరాలతో ఉన్నాయి. నాలుగో వరుసలో "పేరు తెలియదు - ఒక సీసా" అని ఉంది. ఎదురుగా పెన్సిలుతో, మిల్లులో లెక్క కుదరని చోట ఆయన రాసే మాటే, "విచారించవలెను" అని ఉంది. అప్పట్లో ఆ ముగ్గురినీ అడిగితే, ఆ పిల్లవాడు ఏదో పని మీద ఊరు విడిచి వెళ్లాడని, ఇంటిపేరు కూడా తమకు సరిగా తెలియదని అన్నారు. నా పాత విద్యార్థులు ఎవరు మా ఇంటికి వచ్చినా మావారు ముందు కాఫీ ఇప్పించి, తరువాత కళ్లద్దాలు పైకి జరిపి, "బాబూ, 2011 ఆగస్టులో తెల్లవారుజాము బండికి విశాఖ వెళ్లిన కుర్రాణ్ణెవరినైనా ఎరుగుదువా?" అని అడుగుతారు.